గుర్రంకొండ కోట – ప్రియమైన దాని పరీక్ష

ప్రతి సంవత్సరం జిల్‌హిజ్జా నెల పదవ తేదీన ప్రపంచ ముస్లిములందరూ హజ్రత్ ఇబ్రాహీమ్ (అలైహిస్సలామ్) త్యాగాన్ని స్మరించుకుంటారు. ఈద్గాహ్‌లో ఖుత్బా వింటారు, ఖుర్బానీ ఇస్తారు, మాంసాన్ని బంధువులకు, పేదలకు పంచుతారు. ఈ ఆచారం వెనుక ఉన్న సంఘటన అందరికీ తెలిసినదే. వృద్ధాప్యంలో, ఎన్నో దుఆల తర్వాత కలిగిన కుమారుణ్ణి అల్లాహ్ మార్గంలో సమర్పించవలసిందిగా ఆ మహాప్రవక్తకు స్వప్నంలో ఆదేశమందింది. తండ్రి సిద్ధమయ్యాడు. కుమారుడూ సిద్ధమయ్యాడు. కత్తి తన పని చేయకముందే అల్లాహ్ ఆ కుమారునికి బదులు మరొక ఖుర్బానీని ప్రసాదించాడు. పశువు మాంసం గాని, రక్తం గాని తనకు చేరవనీ, దాసుని హృదయంలోని భయభక్తులే తనకు చేరుతాయనీ దివ్య ఖుర్ఆన్ హజ్ సూరాలో స్పష్టం చేసింది.

అందరికీ తెలిసిన ఈ గాథలో తరచు మరుగున పడే అంశాలు రెండున్నాయి. ఇబ్రాహీమ్ (అలైహిస్సలామ్) సమర్పించబూనినది ఒకరు బలవంతాన లాక్కుంటున్నది కాదు. ఏ శత్రువూ ఆయన ముంగిట నిలిచి కుమారుణ్ణి అప్పగించమని ఒత్తిడి చేయలేదు. ఇది మొదటి అంశం. ఇక రెండవది: ఆయన తన స్వప్నాన్ని కుమారునికి చెప్పి, అతని అభిప్రాయం అడిగాడు. అస్సాఫ్ఫాత్ సూరాలో ఈ సంభాషణ ఉంది. తండ్రి త్యాగానికి మూల్యం చెల్లించవలసినవాడు కుమారుడు. కనుక అతని సమ్మతి లేకుండా ఆ కార్యం జరగలేదు. ఇవ్వటం స్వేచ్ఛగా జరిగిందా? ఆ త్యాగానికి మూల్యం ఎవరు చెల్లించారు? మనిషి చేసే ప్రతి త్యాగాన్నీ తూచటానికి పనికివచ్చే ప్రశ్నలివి.

ఈ ప్రశ్నలతో దక్షిణ రాయలసీమ చరిత్రను పరిశీలిస్తే అక్కడి ఒక కోట, దానిని ప్రేమించిన ఒక కుటుంబం మన దృష్టిని ఆకర్షిస్తాయి. ఆ కోట గుర్రంకొండ. ఆ కుటుంబం టిప్పు సుల్తాన్ మేనమామలది.

కోట, కుటుంబం

మదనపల్లె నుంచి రాయచోటికి పోయే దారిలో గుర్రంకొండ ఉంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పటి నుంచి 2022లో జిల్లాల పునర్విభజన జరిగేదాకా ఈ ఊరు ఆ జిల్లాలోనే ఉండేది. చుట్టూ పొలాలు, చెరువులు, చిన్న చిన్న గుట్టలు. వాటి మధ్య సుమారు 500 అడుగుల ఎత్తున నిలిచిన రాతికొండ. మూడు వైపుల నిట్టనిలువుగా ఉండి ఎక్కటానికి వీలు కానిది. ఆ కొండను ఒక గుర్రం కాపలా కాసేదనీ, అది ఉన్నంతకాలం కోటను ఎవరూ జయించలేకపోయారనీ, ఒక మరాఠా దొంగ కొండ ఎగబ్రాకి ఆ గుర్రాన్ని తస్కరించాడనీ జనం చెప్పుకునే కథ ఒకటుంది. కథ నిజం కాకపోవచ్చు. కాని ఈ కొండ మీద ఎందరి కన్ను పడిందో ఆ కథ చెప్పకనే చెబుతుంది. కడప నవాబులు, మరాఠాలు, మైసూరు ప్రభువులు, నిజాం, చివరకు ఈస్టిండియా కంపెనీ, ఒకరి తర్వాత ఒకరుగా దీనిని కోరినవారే.

కడప ఖిలేదారుగా పనిచేసిన మీర్ ముయీనుద్దీన్ కుమార్తె ఫఖ్రున్నిసా బేగమ్‌ను హైదర్ అలీ వివాహమాడాడు. వారి కుమారుడే టిప్పు. ఫఖ్రున్నిసా సోదరుడు మీర్ రజా అలీ ఖాన్. ఇంగ్లీషు వృత్తాంతాలలో ‘మీర్ సాహెబ్’ అని కనిపించే సర్దారు ఇతడే. శ్రీరంగపట్నం సుల్తాన్‌గా ప్రపంచం ఎరిగిన టిప్పుకు తల్లి వైపు చుట్టరికం ఈ సీమతోనే అన్నమాట. గుర్రంకొండలో నేటికీ కనిపించే గుమ్మటపు మక్బరా ఆ మేనమామదే.

సిరా ఇచ్చి గుర్రంకొండ తీసుకున్న రోజు

1767 నాటికి మీర్ రజా అలీ ఖాన్ సిరా పట్టణానికి పాలకుడు. హైదర్ అలీ బావమరిదిని నమ్మి తన రాజ్యపు ఉత్తర ద్వారాన్నే అతని చేతిలో పెట్టాడు. ఆ సంవత్సరం పేష్వా మాధవరావు పెద్ద సైన్యంతో మైసూరు మీదికి వచ్చాడు. సిరాను అడ్డుగా నిలిపి పోరాడవలసిన మీర్ రజా పేష్వాతో బేరానికి దిగాడు. సిరాను, తన క్రింది సైన్యాన్ని అప్పగించాడు. ప్రతిఫలంగా పూర్వం తన కుటుంబం ఏలుబడిలో ఉండిన గుర్రంకొండను జాగీరుగా పొందాడు.

దీనిని ద్రోహమని ఒక్క మాటతో కొట్టివేయటం తేలిక. కాని ఆ కాలపు పరిస్థితులలో సర్దారులు పక్షాలు మార్చటం అసాధారణం కాదు. గమనించదగినది మరొకటుంది. మీర్ రజాను కదిలించినది ధనాశ మాత్రమే కాదు. పెద్దల కాలంనాటి కోట, చిన్ననాటి నుంచి చూసిన కొండ, వంశగౌరవానికి గుర్తు. మనిషి హృదయాన్ని గట్టిగా పట్టివుంచేవి ఇటువంటివే. వాటిని ప్రేమించటం తప్పు కాదు. అయితే అమానతుగా తన చేతికి వచ్చిన మరొకరి సొత్తును ఆ ప్రేమకు ధారపోయటం తప్పు. సిరా అతని సొంతం కాదు. తన ప్రియమైన దానిని నిలుపుకోవటానికి అతడు పరుల ప్రియమైన దానిని చెల్లించాడు.

హైదర్ అలీ దీనిని మనసులో పెట్టుకుని బావమరిదిని నాశనం చేయలేదు. మరుసటి సంవత్సరం, ఇంగ్లీషువారితో యుద్ధం సాగుతూండగానే, గుర్రంకొండ వైపు వచ్చి మీర్ రజాతో రాజీ కుదుర్చుకున్నాడు. చుట్టరికం మళ్లీ కలిసింది. కొన్నేళ్లకు కోట మరాఠాల చేతికి పోయి తిరిగి మైసూరు వశమైంది. మీర్ రజా తన శేషజీవితమంతా హైదర్ సేనలోనే గడిపాడు.

1781 జూలై 1వ తేదీన తమిళ తీరాన పరంగిపేట వద్ద హైదర్ అలీకి, ఇంగ్లీషు సేనాని సర్ ఐర్ కూట్‌కు ఘోరయుద్ధం జరిగింది. ఆ యుద్ధంలో మీర్ రజా అలీ ఖాన్ తీవ్రంగా గాయపడి ప్రాణాలు విడిచాడు. పద్నాలుగేళ్ల క్రితం కోట కోసం నమ్మకాన్ని వదిలినవాడు ఈసారి నమ్మకం కోసం ప్రాణాన్ని వదిలాడు. 1767లో అతడు ఏమీ పోగొట్టుకోలేదు, అయినా చరిత్రలో తగ్గిపోయాడు. 1781లో సర్వస్వం పోగొట్టుకున్నాడు, కాని తగ్గలేదు. తౌబా తలుపు మనిషి తుదిశ్వాస దాకా తెరిచే ఉంటుందని నమ్మే సముదాయానికి ఈ జీవితంలో ధైర్యం చెప్పే విషయం ఒకటుంది: మొదటి పరీక్షలో ఓడినవాడికి రెండవ పరీక్ష అవకాశం రాకుండా పోదు.

నరసింగరాయనిపేట శిబిరం

మరుసటి సంవత్సరం హైదర్ అలీ వంతు వచ్చింది. వీపు మీద లేచిన వ్రణంతో బాధపడుతూ, 1782 డిసెంబరు 7వ తేదీన, చిత్తూరు సమీపంలోని నరసింగరాయనిపేట శిబిరంలో కన్నుమూశాడు. ఆ సంవత్సరమే తిరుపతి దగ్గరి చంద్రగిరి కోట అతనికి లొంగింది. మలబారు తీరం నుంచి పాలారు లోయ దాకా రాజ్యం విస్తరించి ఉంది. కాని మరణశయ్య వద్ద పెద్ద కుమారుడు లేడు. టిప్పు మలబారు వైపు ఇంగ్లీషు దళాలతో పోరాడుతున్నాడు.

వారసుడు రాకముందే వార్త పొక్కితే సైన్యం చీలిపోతుందన్న భయంతో పూర్ణయ్య మొదలైన మంత్రులు మరణాన్ని గుట్టుగా ఉంచారు. దేహాన్ని సుగంధద్రవ్యాలతో ఒక పెట్టెలో భద్రపరచి, ఖజానా తరలిస్తున్నట్లుగా పరివారంతో కోలారుకు పంపించారు. అక్కడ హైదర్ తండ్రి ఫతే మహమ్మద్ సమాధి ఉంది. తర్వాత దేహాన్ని శ్రీరంగపట్నంలోని గుంబజ్‌కు మార్చారు. లక్ష మందిని ఒక్క కనుసన్నతో నడిపించినవాని చివరి ప్రయాణం చిత్తూరు సీమ నుంచి ఒక పెట్టెలో, మారుపేరుతో సాగింది. సైన్యం, ఫిరంగులు, చంద్రగిరి, ఆర్కాటు, ఏదీ వెంట రాలేదు. ఇది బాగా ఆలోచించదగిన దృశ్యం. ప్రియమైన వాటినన్నిటినీ మనిషి ఒకరోజు వదలవలసిందే. అడిగినప్పుడు ఇచ్చినవాడికి, అడగకుండా తీసుకోబడినవాడికి మధ్య తేడా మాత్రమే మిగులుతుంది.

కోట గుమ్మం మీద నిలిచిన తండ్రి

టిప్పు సుల్తాన్ ఏలుబడిలో గుర్రంకొండకు మళ్లీ యుద్ధం తప్పలేదు. 1791 నవంబరులో కెప్టెన్ రీడ్ నాయకత్వంలోని దళాల సాయంతో నిజాం సైన్యం క్రింది కోటను పట్టుకుంది. పై కోట లొంగలేదు. డిసెంబరులో సుల్తాన్ పెద్ద కుమారుడు ఫతే హైదర్, ఇరవయ్యేళ్లయినా నిండని యువకుడు, సైన్యంతో వచ్చి ఆకస్మికంగా విరుచుకుపడ్డాడు. నిజాం సేనాని హాఫిజ్ ఫరీదుద్దీన్ అక్కడే ప్రాణాలు కోల్పోయాడు. నాయనమ్మ పుట్టింటివారి కోట కోసం మనుమడు చేసిన యుద్ధమది. కాని అసలు విపత్తు అక్కడికి ఎంతో దూరాన, శ్రీరంగపట్నం గోడల వద్ద ముంచుకు వస్తోంది.

1792 ఫిబ్రవరి 6వ తేదీ రాత్రి లార్డ్ కారన్‌వాలిస్ సేనలు శ్రీరంగపట్నం వెలుపలి రక్షణ వరుసలను ఛేదించాయి. సంధి తప్ప దారి లేకపోయింది. సగం రాజ్యం, మూడు కోట్ల ముప్పై లక్షల రూపాయలు, ఆ షరతులు నెరవేరేదాకా హామీగా సుల్తాన్ కుమారులలో ఇద్దరు. ఇవీ విజేతలు కోరినవి. ఎంపికైన బాలురు అబ్దుల్ ఖాలిఖ్, ముయిజుద్దీన్. పెద్దవాడికి సుమారు పదేళ్లు, చిన్నవాడికి సుమారు ఎనిమిదేళ్లు. ఇంగ్లీషు సేనలోని మేజర్ డైరమ్ వ్రాసిన వృత్తాంతం ప్రకారం చిన్నవాని తల్లి ఆ దాడి జరిగిన కొద్దిరోజులకే భయకంపంతో మరణించింది. తల్లి పోయిన దుఃఖం ఆరకముందే ఆ పసివాడు శత్రుశిబిరానికి బయలుదేరాడు.

ఫిబ్రవరి 26న అలంకరించిన ఏనుగుల మీద బాలురు కోట దాటారు. గోడల మీద జనం క్రిక్కిరిసి ఉన్నారు. ద్వారం పైని బురుజు మీద సుల్తాన్ స్వయంగా నిలిచి చూశాడని డైరమ్ వ్రాశాడు. కోట నుంచి ఫిరంగులు వందనం పలికాయి. ఇంగ్లీషు శిబిరంలో ఇరవై ఒక్క ఫిరంగుల స్వాగతం లభించింది. సుల్తాన్ వకీలు గులామ్ అలీ ఖాన్ బాలురను కారన్‌వాలిస్ చేతికి అప్పగిస్తూ, ఆ ఉదయం దాకా వారు తన ప్రభువు బిడ్డలనీ, ఇక నుంచి వారు ఆయననే తండ్రిగా భావించుకోవాలనీ విన్నవించాడు. కారన్‌వాలిస్ వారిని దగ్గరకు తీసుకుని ఒక్కొక్కరికి ఒక బంగారు గడియారం బహూకరించాడు.

ఈ దృశ్యం ఇంగ్లండులో ఎంతో ప్రచారం పొందింది. సేన వెంట ఉన్న రాబర్ట్ హోమ్ మొదలైన చిత్రకారులు దీనిని చిత్రించారు. గెలిచినవారి దయాగుణానికి ఇది నిదర్శనమని అక్కడి ప్రజలకు చూపించారు. ఒక తండ్రి గుండెకోత మరొక దేశపు గోడలకు అలంకారమైంది.

ఈ సంఘటనను ఇబ్రాహీమ్ (అలైహిస్సలామ్) త్యాగంతో పోల్చాలనే కోరిక కొందరికి కలగటం సహజం. ఇక్కడా తండ్రి, ఇక్కడా కుమారులు, ఇక్కడా తిరిగి రావటం. నిజమే, షరతులు నెరవేరిన తర్వాత 1794 మార్చిలో కెప్టెన్ డవ్‌టన్ ఆ బాలురను మద్రాసు నుంచి తీసుకువచ్చి దేవనహళ్లి వద్ద సుల్తాన్‌కు అప్పగించాడు. టిప్పు పుట్టిన ఊరు అదే. అయినా పోలిక నిలవదు. ఇక్కడ ఇవ్వటం స్వేచ్ఛగా జరగలేదు, గోడల బయట శత్రువు ఉన్నాడు. ఇక మూల్యం చెల్లించినవారు పదేళ్లు, ఎనిమిదేళ్లు నిండీ నిండని పసివారు. వారి సమ్మతికి సంధిపత్రంలో చోటు లేదు. సుల్తాన్‌ను నిందించటానికి ఇది చెప్పటం లేదు. నగరంలోని వేలాది ప్రాణాలను కాపాడటానికి ఆయనకు ఆ నిమిషాన వేరే మార్గం కనిపించలేదు. కాని విధిలేక చేసిన దానికి ఖుర్బానీ అని పేరు పెడితే ఖుర్బానీ అన్న మాటకే విలువ తగ్గుతుంది.

మరి ఆ దుఃఖంలో ఈమాన్‌కు స్థానం లేదా? ఉంది. పోయినది పోయిన తర్వాత మనిషి దానిని ఎలా భరించాడన్నదే అతని చేతిలో మిగిలిన పరీక్ష. సంధి జరిగిన నాటి నుంచి సుల్తాన్ పరుపు విడిచి, గుడారాలకు వాడే ముతక గుడ్డ పరచుకుని నేల మీదనే పడుకునేవాడని మీర్ హుసేన్ అలీ ఖాన్ కిర్మానీ తన ‘నిషానె హైదరీ’లో వ్రాశాడు. ఓటమి కసి అందులో ఉండవచ్చు. బిడ్డలు పరాయి పంచన ఉండగా తాను మెత్తని పరుపు మీద పడుకోలేని తండ్రి మనసూ ఉండవచ్చు. సంధి మీద నిలబడి, సొమ్ము చెల్లించి బిడ్డలను విడిపించుకున్నాడన్నది మాత్రం నిర్వివాదం.

సుల్తాన్ కలలు

ఈ సందర్భంలో మరొక విషయం ప్రస్తావించదగినది. టిప్పు సుల్తాన్ తన కలలను స్వహస్తంతో ఫారసీలో వ్రాసుకునేవాడు. 1785 మొదలు 1798 దాకా వచ్చిన ముప్పై ఏడు కలలు ఆ చిన్న పుస్తకంలో ఉన్నాయి. శ్రీరంగపట్నం పతనమైన తర్వాత అది రాజప్రాసాదంలో కర్నల్ కిర్క్‌పాట్రిక్‌కు దొరికింది. తర్వాత లండను చేరింది. ఎక్కువ కలలు విజయాన్ని గూర్చినవి, శత్రువులను తరిమివేయటాన్ని గూర్చినవి.

ప్రవక్తలకు వచ్చే స్వప్నం వహీతో సమానమనీ, అది ఆచరించి తీరవలసిన ఆదేశమనీ పండితుల అభిప్రాయం. ఇతరుల కలలు శుభసూచకాలు కావచ్చు, మనసులోని కోరికల ఛాయలూ కావచ్చు. కాని ఎవరి కలా మరొకరి ప్రాణాన్ని, ధనాన్ని, భవిష్యత్తును త్యాగం చేసే అధికారాన్ని ఇవ్వదు. ఇబ్రాహీమ్ (అలైహిస్సలామ్) స్వప్నం ఆయనకు అత్యంత ప్రియమైన దానిని ఆయన నుంచి అడిగింది. సాధారణంగా మనుషుల కలలు ప్రియమైన వాటిని ఇస్తామని ఆశ పెడతాయి. ఈ రెండింటి తేడా గుర్తించగలిగినవాడు తన కోరికను అల్లాహ్ ఆజ్ఞగా పొరబడడు.

మళ్లీ అడిగినప్పుడు

ఏడేళ్ల తర్వాత అదే కోట వద్ద అదే ప్రశ్న మళ్లీ ఎదురైంది. 1799 ఏప్రిల్ 22న జనరల్ హారిస్ పంపిన షరతులలో మిగిలిన రాజ్యంలో సగం, రెండు కోట్ల రూపాయలు, నలుగురు కుమారులు, నలుగురు ముఖ్య సేనానులు హామీగా కావాలని ఉంది. ఈసారి సుల్తాన్ అంగీకరించలేదు. మే 4వ తేదీ మధ్యాహ్నం గోడ కూలిన చోట శత్రువులు ప్రవేశించారు. సుల్తాన్ సామాన్య సిపాయిలా పోరాడుతూ కోట ద్వారం వద్ద నేలకొరిగాడు. ఆ రాత్రి శవాల గుట్ట క్రింద ఆయన దేహాన్ని వెదికి పట్టుకోవలసి వచ్చింది.

1792లో బిడ్డలను ఇచ్చి రాజ్యాన్ని నిలుపుకున్నాడు. 1799లో బిడ్డలను ఇవ్వక ప్రాణాన్ని ఇచ్చాడు. రాజనీతి దృష్టితో ఈ నిర్ణయాలను ఎన్ని విధాలుగానైనా చర్చించవచ్చు. ఇప్పుడు పరిశీలిస్తున్న ప్రశ్న మూల్యం ఎవరు చెల్లించారన్నది మాత్రమే. రెండవసారి సుల్తాన్ అందరికన్న ముందు చెల్లించినది తన సొంత ప్రాణం.

ఆ సాయంకాలం రాజప్రాసాదంలోకి ప్రవేశించిన మేజర్ అలన్‌కు లోపల తివాచీ మీద కూర్చుని ఉన్న రాకుమారులు కనిపించారు. వారిలో ముయిజుద్దీన్‌ను చూడగానే అతడు గుర్తుపట్టాడు. ఏడేళ్ల క్రితం కారన్‌వాలిస్‌కు అప్పగించిన ఇద్దరు బాలురలో ఇతడొకడని జ్ఞాపకం వచ్చి తన మనసు ద్రవించిందని అలన్ వ్రాసుకున్నాడు. ఎనిమిదేళ్ల వయసులో ఒకసారి, పదిహేనేళ్ల వయసులో మరొకసారి శత్రువుల చేతికి చిక్కినవాడు ముయిజుద్దీన్. తర్వాత సుల్తాన్ కుటుంబాన్ని చిత్తూరుకు దక్షిణాన ఉన్న వెల్లూరు కోటలో ఉంచారు. 1806 జూలై 10న అక్కడ సిపాయిల తిరుగుబాటు చెలరేగినప్పుడు అనుమానం మళ్లీ రాకుమారుల మీదనే పడింది. వారిని కలకత్తాకు తరలించారు. పెద్దల యుద్ధాల బాకీ పిల్లలు ఎంతకాలం చెల్లించవలసి వస్తుందో ఆ జీవితాలు చెబుతాయి.

మరి గుర్రంకొండ? మీర్ రజా అలీ ఖాన్ కుమారుడు ఖమరుద్దీన్ ఖాన్ టిప్పు సైన్యంలో ప్రముఖ సేనాని. 1791లో కోయంబత్తూరును తిరిగి పట్టుకున్నవాడు. సుల్తాన్ మరణించిన తర్వాత విజేతలకు లోబడ్డాడు. రాజ్యాన్ని పంచుకున్నప్పుడు గుర్రంకొండ నిజాం వంతుకు వచ్చింది. ఖమరుద్దీన్‌కు అక్కడ జాగీరు లభించింది. తండ్రి 1767లో కోరినదే కుమారునికి 1799లో దక్కింది. అయితే ఆ కోటకు ఇక పూర్వపు అర్థం లేదు. మరుసటి సంవత్సరమే, 1800లో, నిజాం ఆ ప్రాంతాన్నంతా కంపెనీకి దత్తం చేశాడు. కోట బురుజులు క్రమంగా పాడుబడ్డాయి. గుర్రంకొండకు వెళ్లినవారి కన్ను ఇప్పటికీ పడేది కోట కోసం నమ్మకం తప్పి, తర్వాత నమ్మకం కోసం ప్రాణమిచ్చిన ఒక మనిషి సమాధి గుమ్మటం మీద.

తీసుకోబడటం, సమర్పించటం

చరిత్ర తీర్పు చెప్పే న్యాయస్థానం కాదు. ఎవరి హృదయంలో ఏముందో ఎరిగినవాడు అల్లాహ్ ఒక్కడే. కాని గడిచినవారి జీవితాలు ఉన్నవారికి అద్దం పడతాయి. ఆ అద్దంలో సామాన్య గృహస్థు ముఖం కూడా కనిపిస్తుంది. ఎవరి వద్దా సిరా లేదు, శ్రీరంగపట్నం లేదు. గుర్రంకొండ మాత్రం ప్రతి ఇంటా ఉంది. ఒకరికి అది తాతలనాటి రెండెకరాల భూమి. చెల్లెలికి షరీఅత్ ప్రకారం రావలసిన వాటా అందులో ఉన్నా ఇవ్వటానికి చెయ్యి రాదు. మరొకరికి అది వ్యాపారం, ఇంకొకరికి కులగౌరవం, బిరాదరీలో పేరు. సిరాను ఇచ్చి గుర్రంకొండను నిలుపుకున్న సర్దారును విమర్శించే ముందు, అక్కచెల్లెళ్ల హక్కును ఇచ్చి తమ పొలాన్ని నిలుపుకున్నవారు తమ లెక్క చూసుకోవాలి.

రెండవ ప్రశ్న ఇంకా కఠినమైనది. తాము త్యాగం చేస్తున్నామని చెప్పుకునేవారు తరచు ఎదుటివారి సొత్తును త్యాగం చేస్తూ ఉంటారు. తండ్రి కీర్తి కోసం కుమార్తె చదువు ఆగిపోతుంది. సోదరుని వ్యాపారం కోసం తల్లి మెహర్ నగలు తాకట్టు పడతాయి. సంస్థ పేరు కోసం ముఅజ్జిన్ జీతం నెలల తరబడి నిలిచిపోతుంది. ఖుర్బానీ పశువు ఖరీదును పదిమందికీ వినిపించేలా చెప్పుకునే ఇంటిలోనే పనిమనిషి బాకీ తీరకుండా ఉంటుంది. ఇబ్రాహీమ్ (అలైహిస్సలామ్) తన కుమారుణ్ణి అడిగాడు. ప్రవక్త అయివుండీ, ఆదేశం అల్లాహ్ నుంచి వచ్చినదై ఉండీ అడిగాడు. అడగకుండా ఇతరులను తమ త్యాగానికి మూల్యంగా పెట్టే హక్కు ఎవరికుంటుంది?

మదీనాలో హజ్రత్ అబూ తల్హా (రజియల్లాహు అన్హు)కు బైరుహా అనే ఖర్జూరపు తోట ఉండేది. మస్జిదె నబవీకి ఎదురుగా ఉన్న ఆ తోటలోని తియ్యని నీటిని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) త్రాగేవారు. ప్రియమైనవి వెచ్చించనంతవరకు పుణ్యస్థాయిని అందుకోలేరన్న భావం గల ఆలె ఇమ్రాన్ సూరా ఆయత్ అవతరించగానే అబూ తల్హా దైవప్రవక్త సన్నిధికి వచ్చి, తన ఆస్తిలోకెల్లా ప్రియమైనది ఆ తోట అని చెప్పి దానిని అల్లాహ్ మార్గంలో ఇచ్చివేశాడు. దైవప్రవక్త సంతోషించి, దానిని అతని దగ్గరి బంధువులకే పంచిపెట్టమని సలహా ఇచ్చారు. ఇచ్చినవాడు స్వేచ్ఛగా ఇచ్చాడు. ఇచ్చినది తన సొంతం. లాభం పొందినవారు తన చుట్టూ ఉన్న అవసరపరులు. పైన చెప్పిన ప్రశ్నలు రెండింటికీ ఈ సంఘటనలో సమాధానం ఉంది.

చివరిగా ఒక అపోహను తొలగించవలసి ఉంది. సమర్పణ అంటే ప్రేమను చంపుకోవటం కాదు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తమ చిన్నారి కుమారుడు ఇబ్రాహీమ్ మరణించినప్పుడు కన్నీరు కార్చారు. కుమారుని ఎడబాటుతో హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలామ్) కన్నుల చూపే కోల్పోయారు. వారి కన్నీరు వారి ఈమాన్‌కు లోపం కాలేదు. ప్రేమ లేనివాడు ఇవ్వగలిగినదేమీ ఉండదు. శ్రీరంగపట్నం బురుజు మీద నిలిచిన తండ్రి గుండె, కొండను మరువలేని సర్దారు గుండె, రెండూ ప్రేమతో నిండినవే. ఆ ప్రేమను అల్లాహ్ ప్రేమ కన్న మీద ఉంచటమా, క్రింద ఉంచటమా అన్నదే పరీక్ష. క్రింద ఉంచినప్పుడు ఆ ప్రేమ పవిత్రమవుతుంది, మీద ఉంచినప్పుడు అదే మనిషిని ఇతరుల హక్కుల మీద నడిపిస్తుంది.

గుర్రంకొండ గోడలు కూలిపోతున్నాయి. ఈనాడు చేతిలో ఉన్న భూములు, ఇళ్లు, పేర్లు కూడా ఒకరోజు ఇతరుల చేతికి వెళ్లేవే. అవి చేజారిపోకముందే వాటిలో ఇతరులకు రావలసిన హక్కును గుర్తించి, మనఃపూర్వకంగా ఇవ్వగలిగే శక్తిని అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.